పాత పికప్ మైలేజీ: ఇంజన్ దింపే ముందు ఇవి చూడండి

కామారెడ్డి మార్కెట్ దగ్గర ఏపీ 25 నంబరు ఉన్న బొలెరో పికప్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. అది ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నంబరు. అంటే 2014లో తెలంగాణ ఏర్పడక ముందే రోడ్డెక్కిన బండి అన్నమాట. 2016 అక్టోబరు 11న కామారెడ్డి కొత్త జిల్లా అయ్యాక వచ్చిన టీఎస్ 17 బండ్లలోనూ చాలావాటికి కిస్తీలు తీరిపోయాయి. బెల్లం, మక్కలు, వడ్లు, కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాను... ఈ ప్రాంతంలో ఏది కదలాలన్నా ఈ పాత బండ్లే దిక్కు. వీటిలో చాలావాటికి ఓనరూ డ్రైవరూ ఒక్కరే. డీజిల్ ఖర్చు నేరుగా ఆ ఇంటి ఖర్చులోంచే పోతుంది.

ఒక లెక్క చూద్దాం. లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి దాదాపు నలభై కిలోమీటర్లు. రోజుకు ఒక్కసారి పోయి వస్తే ఎనభై. లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే బండి 10కి పడిపోతే ఆ ఎనభై కిలోమీటర్లకే దాదాపు 1.85 లీటర్లు అదనంగా తాగుతుంది. లీటరు వంద రూపాయల లెక్కన రోజుకు 185 రూపాయలు. నెలకు పాతిక రోజులు నడిపినా నాలుగున్నర వేలు దాటుతుంది. ఈ నష్టం కంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఆ నష్టాన్ని ఆపాలని నలుగురి మాటా విని అక్కరలేని పనులకు వేలకు వేలు పోయడం. కాబట్టి అలాంటి మాటలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెడదాం.

అపోహ: "ఐదు వందలది పోయించిన, ఎల్లారెడ్డి పోయి రాంగనే అయిపోయింది. మైలేజీ దెబ్బతిన్నది."

వాస్తవం: ఇది కొలత కాదు, అంచనా. ట్యాంకులో అడుగున ఎంత మిగిలిందో ముల్లు సరిగ్గా చెప్పదు. పాత బండ్లలో ఆ ముల్లు ఒక్కోసారి అసలే కదలదు. మైలేజీ తెలియాలంటే ఒకటే దారి. ట్యాంకు నిండా పోయించి రీడింగ్ రాసుకోవాలి. మామూలుగా తిరిగే రూట్లో, మామూలు లోడుతో మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిప్పి, మళ్లీ అదే బంకులో నిండా పోయించాలి. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే మైలేజీ తేలుతుంది. అప్పుడైనా కిలోమీటర్ల లెక్క మీద ఒక కన్నేయాలి. కంపెనీ సైజు కాకుండా పెద్ద టైర్లు వేయిస్తే చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. బండి నిజంగా తిరిగినదానికంటే మీటరులో తక్కువ పడుతుంది, మైలేజీ పడిపోయినట్టు అనిపిస్తుంది. హైవే మీది కిలోమీటరు రాళ్లతో పోల్చి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

అపోహ: "పొద్దుగాల సల్లగున్నప్పుడు పోయించుకుంటే డీజిల్ ఎక్కువొస్తది. ఐదు వందలు అనొద్దు, ఐదు వందల పది అనాలె."

వాస్తవం: డీజిల్ వేడికి వ్యాకోచించే మాట నిజమే. అయితే ఒక్క డిగ్రీకి పెరిగేది 0.08 శాతం. బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది, ఉదయానికీ మధ్యాహ్నానికీ అక్కడి వేడిలో పెద్దగా తేడా ఉండదు. ఇక ఐదు వందలా, ఐదు వందల పదా అన్నదానితో కొలతకు సంబంధం లేదు. మిషను లీటర్లను కొలుస్తుంది, ధరతో గుణిస్తుంది. అనుమానం ఉంటే చేయాల్సిన పని వేరు. ప్రతి బంకులోనూ తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అందులో పోసి చూపించమని అడిగే హక్కు కొనేవారికి ఉంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను నిబంధనలే ఒప్పుకుంటాయి. అంతకు మించితే ఫిర్యాదు చేయొచ్చు. మొహమాటపడకుండా అడగండి.

అపోహ: "ఇథనాల్ కలుపుతున్నరు కదా, అందుకే పికప్ మైలేజీ పడిపోయింది."

వాస్తవం: బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నది పెట్రోలులో. మీ పికప్ డీజిల్‌ది అయితే ఆ మాట మీకు వర్తించదు. పాత పెట్రోలు బండి ఉన్నవారి మాటలో నిజముంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతం మిశ్రమానికి సర్దిన నాలుగు చక్రాల బండ్లలో 20 శాతం మిశ్రమంతో మైలేజీ 6–7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది.

బీఎస్-6 డీజిల్ పాత ఇంజన్‌కు పడదన్న మాట కూడా ఇలాంటిదే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వస్తున్న ఆ డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. పంపు అరిగిపోకుండా ఉండాల్సిన కందెన గుణానికి దానిలోనూ ప్రమాణం ఉంది. మైలేజీ సగం పడిపోవడానికి అది కారణం కాదు.

అపోహ: "నల్లపొగ కొట్టాలె, అప్పుడే బండికి బలం. పంపుల డీజిల్ పెంచియ్యి."

వాస్తవం: ఈ ఒక్క మాట వల్ల పోయే డీజిల్ మిగతా అన్నిటికంటే ఎక్కువని నా నమ్మకం. నల్లపొగ అంటే సగం కాలిన డీజిల్. మీరు కొన్నది సైలెన్సరు నుంచి బయటికి పోతోంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్క క్షణం కనిపిస్తే ఫర్వాలేదు. సమంగా ఉన్న రోడ్డు మీద కూడా వెనక ముసురుకుంటే తప్పు ఎక్కడో వెతకాలి. తెల్లపొగ, అదీ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, టైమింగు గానీ నాజిల్ గానీ తేడా చేసిందని అర్థం. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

నల్లపొగకు మొదటి అనుమానితుడు ఎయిర్ ఫిల్టరు. పాత మెకానికల్ పంపు ఎంత గాలి వచ్చిందో చూసుకోదు, కాలు నొక్కినంత డీజిల్ పంపేస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే గాలి తక్కువై పొగ వస్తుంది. పొలాల బాటల్లో, వడ్ల కల్లాల దగ్గర తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన గడువు కంటే ముందే ఫిల్టరు నిండుతుంది. గాలి కొట్టి శుభ్రం చేస్తే లోపలి నుంచి బయటికి కొట్టాలి, అదీ మెల్లగా. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది, కాగితం చిరిగితే ఆ దుమ్ము నేరుగా సిలిండరు గోడలను గీకుతుంది.

రెండోది నాజిల్. పంపు, నాజిల్ పని చేసే షాపులో టెస్టరు మీద పెట్టి లీవరు కొట్టమని అడగండి, దగ్గర నిలబడి చూడండి. మంచి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా, ఒకే తీరుగా చిమ్ముతుంది, ఆగగానే కొస పొడిగా ఉంటుంది. అరిగినది ఒకవైపు ధార కడుతుంది, కొసన చుక్క వేలాడుతుంది. ఆ చుక్కే సిలిండరులో సరిగ్గా కాలకుండా పొగ అవుతుంది. టెస్టరు మీద చెడిందని తేలిన నాజిల్‌నే మార్చండి. టెస్ట్ చేయకుండా నాలుగూ మార్చేద్దామంటే ఒప్పుకోవద్దు. నాజిల్ పని కావాల్సిన చోట పంపులో డీజిల్ పెంచడం జబ్బును దాచిపెట్టి బిల్లును పెంచడమే. కామన్ రైల్ ఇంజన్ అయితే పంపు స్క్రూ తిప్పే పనే లేదు, స్కానరు పెట్టి చూడాల్సిందే.

అపోహ: "థర్మోస్టాట్ వాల్వు తీసెయ్, ఇంజన్ సల్లగుంటే మంచిగ పనిచేస్తది."

వాస్తవం: ఎండాకాలంలో ఒకసారి బండి పొంగితే చాలు, ముందు పీకేసేది ఈ వాల్వునే. డీజిల్ ఇంజన్ 80–90 డిగ్రీల దగ్గర పనిచేయడానికి తయారైంది. వాల్వు లేకపోతే నీళ్లు మొదటి నుంచే రేడియేటరు గుండా తిరుగుతాయి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఎల్లారెడ్డి నుంచి కూరగాయలతో బయలుదేరిన బండి కామారెడ్డి చేరేదాకా సరిగ్గా వేడెక్కదు. చల్లని సిలిండరులో డీజిల్ పూర్తిగా కాలదు, ఆయిల్ చిక్కగా ఉండి లోపలి భాగాలు బరువుగా తిరుగుతాయి. పొంగడానికి అసలు కారణం రేడియేటరు మూసుకుపోవడమో, ఫ్యాను బెల్టు వదులవడమో, నీళ్ల పంపు అరగడమో అయి ఉంటుంది. అది బాగుచేయించి, కొత్త వాల్వు వేయించండి.

అపోహ: "దిగుడుల న్యూట్రల్ల ఏస్తే డీజిల్ తాగది."

వాస్తవం: తాగుతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా తిరగాలంటే డీజిల్ కావాలి. గేరులోనే ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. అప్పుడు పాత పంపు గవర్నరు కూడా డీజిల్‌ను ఆపేస్తుంది. పైగా గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. టన్నున్నర లోడుతో న్యూట్రల్‌లో వచ్చే బండిని బ్రేకులొక్కటే మోయాలి. కొందరు తాళమే తిప్పేస్తారు. అది ప్రాణాలతో ఆట. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టరుకు వ్యాక్యూమ్ ఆగిపోతుంది, రెండు మూడు సార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుస్తుంది.

అపోహ: "గాలి, బ్రేకులు... గివన్ని చిన్న ముచ్చట్లు. మైలేజీ అంతా ఇంజన్లనే ఉన్నది."

వాస్తవం: పట్టుకుపోయిన ఒక్క బ్రేకు మంచి ఇంజన్ కష్టాన్నంతా తినేస్తుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వరదల్లో ఎన్నో రోడ్లు తెగాయి, ఎన్నో బండ్లు నీళ్లలోంచి నడిచాయి. అలా నడిచిన బండికి డ్రమ్ముల్లో బురద, హ్యాండ్‌బ్రేకు వైరుకు తుప్పు, బేరింగుల్లో గ్రీజు పోవడం మామూలే. వీటిని చూసుకోవడానికి మెకానిక్ కూడా అక్కరలేదు. బ్రేకు ఎక్కువగా తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి, అంటించొద్దు. ఒకటి మిగతావాటికంటే వేడిగా సెగ కొడితే దొంగ అక్కడున్నాడు. తర్వాత మిగతా టైర్లకు రాళ్లు ఒత్తి, హ్యాండ్‌బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆ చక్రాన్ని జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పండి. గీసుకుంటూ వెంటనే ఆగిపోతే బ్రేకు పని, గరగరమంటే బేరింగు పని.

గాలి సంగతి. నాలుగు టైర్లలో ఒక్కో పాయింటు (పీఎస్‌ఐ) తగ్గితే మైలేజీ 0.2 శాతం పడుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. పది పాయింట్లు తక్కువగా తిరిగే బండ్లు మన దగ్గర తక్కువేం లేవు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెనక టైర్లకు లోడుకు తగ్గ గాలి ఎంతో మాన్యువల్‌లోనో డోరు దగ్గరి స్టిక్కరు మీదో ఉంటుంది. క్లచ్ కూడా చూసుకోండి. ఎత్తు మీద ఇంజన్ మోత పెరుగుతూ వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది.

ఇక కాలు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గంతో పెరుగుతుంది. పికప్ ముఖం వెడల్పు, పైన పట్టా కట్టిన లోడు ఎత్తు, ఇంక చెప్పేదేముంది? 80 వేగంతో పోల్చితే 45–55 మధ్య నడిపిన కార్లకు 40 శాతం దాకా మైలేజీ పెరుగుతుందని పెట్రోలియం పొదుపు పరిశోధన సంస్థ పీసీఆర్‌ఏ పరీక్షల్లో తేలింది. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే ఖాళీ బండిని తొంభైకి లాగే అలవాటు మానుకుంటే ఏ పార్టూ మార్చకుండానే మైలేజీలో తేడా కనిపిస్తుంది. లోడు దింపేదాకా ఇంజన్ ఆన్‌లో ఉంచడం కూడా అంతే, గంటకు అరలీటరు పైనే పోతుంది. మోయాల్సినదానికి మించి మోయడానికి అదనపు కమాన్ పట్టీలు వేయిస్తే, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ ఇనుము బరువు మోయాలి.

పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రల గురించి ఎక్కువ చెప్పను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరిశీలించి, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ లేదని తేల్చింది. కిరోసిన్ కలపడం మాత్రం పంపుకు నేరుగా హాని. నేరం కూడా.

అపోహ: "ఇంజన్ బోర్‌కొచ్చింది. దింపుడే, ఇంకో దారి లేదు."

వాస్తవం: కొన్ని ఇంజన్లకు అది నిజంగానే అవసరం. ఆయిల్ తాగుతుంటే, నీలిపొగ ఆగకపోతే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కావడానికి మొండికేస్తే అనుమానించాలి. అనుమానాన్ని నిర్ధారించేది కంప్రెషన్ గేజి. నాజిల్ లేదా గ్లో ప్లగ్ తీసిన చోట గేజి బిగించి, నాలుగు సిలిండర్లూ కొలవడం ఎక్కువ సేపు పట్టే పని కాదు. మీ ఇంజన్‌కు ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. నాలుగూ దగ్గరదగ్గరగా, ఆ హద్దుల్లో ఉంటే ఇంజన్ జోలికి పోవాల్సిన పనిలేదు. గేజి పెట్టకుండా బోరు పని చెప్పేవారికి అడ్వాన్సు ఇవ్వకండి. నాలుగు సిలిండర్ల అంకెలనూ కాగితం మీద రాయించుకున్నాకే ఇంజన్ దింపాలో వద్దో నిర్ణయించుకోండి.