సెల్‌ఫోను ద్వారా సొమ్ము పంపుట

దూరప్రాంతమున కూలికి పోయిన కుమారుడు ఇంటికి సొమ్ము పంపవలెనన్న పూర్వము మనియార్డరే గతి. నేడు సెల్‌ఫోనుతో క్షణములలో పంపగలుగుచున్నాడు.

ఇందులకు 2016వ సంవత్సరమున నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యు.పి.ఐ. అను విధానమును ప్రవేశపెట్టినది. ఫోన్‌పే, గూగుల్‌పే వంటి యాప్‌లు దీని ఆధారముననే పనిచేయుచున్నవి. సొమ్ము ఒక బ్యాంకు ఖాతానుండి మరియొక ఖాతాకు నేరుగా చేరును. సాధారణ ఫోనుతోడను పంపు సౌకర్యము కలదు.

పిన్ అను రహస్య సంఖ్య ఇనుపపెట్టె తాళపుచెవి వంటిది. సొమ్ము పంపుటకు అది కావలెను. పుచ్చుకొనుటకు దానితో పనియే లేదు. “మీకు సొమ్ము వచ్చినది, పిన్ నొక్కుడు” అని ఎవరైన చెప్పినచో అది మోసమని గ్రహింపవలెను.

పంపుటకు ముందు తెరపై కనిపించు పేరును సరిచూడవలెను. పొరపాటున అన్యుల ఖాతాకు పోయిన సొమ్మును తిరిగి రాబట్టుట కష్టము. మోసపోయినచో తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. జాగు చేయనిచో, సొమ్ము మోసగాని చేత పడకుండ బ్యాంకులు నిలుపుటకు అవకాశము కలదు.

పంచాయతీ సభ్యులు ఈ విషయములను గ్రామసభలో చదివి వినిపించి, 1930 సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని కోరుచున్నాము.