గగన్ మహల్‌లో రాణులెక్కడ?

ఫ్రాన్స్‌లో షెర్ నదికి అడ్డంగా, నీళ్ల మీదే నిలబడ్డ షెనోన్సో కోటకు వెళ్లినవాళ్లకు ముందుగా వినిపించేవి ఆడవాళ్ల పేర్లే. 1559లో రెండో హెన్రీ చనిపోగానే రాణి కేథరిన్ ద మెడిచి, ఆయన ప్రియురాలు డయాన్ చేతిలోంచి ఆ కోటను లాక్కుని, వంతెన మీద పొడవాటి హాలు కట్టించింది. ఆ ఇద్దరి పేర్ల మీదా చెరో తోట ఇప్పటికీ ఉంది. ఇంచుమించు అదే కాలంలో మన పెనుకొండ విజయనగర రాజుల రాజధాని. హిందూపురం, ధర్మవరం మధ్య రైల్లో పోయేవాళ్లు కిటికీలోంచి చూసే ఆ కొండ కిందే గగన్ మహల్ ఉంది. అక్కడ ఎవరుండేవారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: కృష్ణదేవరాయల వేసవి విడిది. అది తప్పని నేననను. కానీ ఆ ఒక్క మాటతో పెనుకొండకు దక్కాల్సిన అసలు చరిత్ర పక్కకు పోతోంది.

రాయలకు ఇది విడిది అయితే, తర్వాత అదే రాజ్యాన్ని ఏలిన ఆరవీటి వంశం వారికి ఇల్లు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఆ వంశపు అళియ రామరాయలు చనిపోయాక ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు మాత్రమే రాజైన సదాశివరాయలను, ఖజానాను, రాజకుటుంబాన్ని వెంటబెట్టుకుని హంపి వదిలి వచ్చేశాడు. చివరకు రాజధాని పెనుకొండకు మారింది. తర్వాత ఆయన కొడుకు శ్రీరంగరాయలు, 1586లో మరో కొడుకు వెంకటపతిరాయలు గద్దెనెక్కారు. బీజాపూరు సైన్యం ముట్టడించిందీ ఈ కోటనే. 1590ల్లో రాజధాని చంద్రగిరికి తరలేదాకా, కొంచెం అటూ ఇటూగా పాతికేళ్లు, ఇది రాచకుటుంబం కాపురమున్న ఊరు. అంతఃపురం లేకుండా రాజధాని ఉండదు కదా! తిరుమలరాయల భార్య వెంగళాంబ పేరు ఆ వంశపు తామ్రశాసనాల్లోనే ఉంది. ఇద్దరు రాజుల తల్లి ఆమె. పెనుకొండ చూసి వచ్చినవాళ్లలో ఆ పేరు విన్నవాళ్లు ఎందరు? రాయల మంత్రి తిమ్మరుసును ఖైదు చేశారని చెప్పే చోటు మాత్రం అందరికీ తెలుసు.

ఆమె ఏ గదిలో ఉండేదో చెప్పే ఆధారం లేదు కదా అని చరిత్రకారులు అడ్డుపడవచ్చు. న్యాయమైన మాటే. హంపిలో జనానా అని, రాణి స్నానఘట్టం అని, చంద్రగిరిలో రాణి మహల్ అని పిలిచేవన్నీ తర్వాతి కాలం వాళ్లు తగిలించిన పేర్లు. అందమైన కట్టడం కనిపిస్తే చాలు, రాణిదే అనేయడం మనకు అలవాటైపోయింది. నేను అడిగేది దానికి పూర్తిగా ఎదురు. గదికి లేని పేరు పెట్టొద్దు, శాసనంలో ఉన్న పేరును దాచొద్దు. ఆధారం లేనిచోట రాణిని కూర్చోబెట్టి, ఆధారం ఉన్న రాజధానిలో ఆమె ఊసే ఎత్తకపోవడం ఏం లెక్క? ఇక, ఫ్రాన్సు కోటల్లో మంచాలూ పరదాలూ ఉంటాయి, ఇక్కడ ఉత్త గోడలేగా అనేవాళ్లుంటారు. వెర్సాయ్‌లో రాజూ రాణీ వాడిన సామాను కూడా విప్లవం తర్వాత 1793లో మొదలైన వేలంలో చెదిరిపోయిందే. ఇవాళ కనిపించేదాంట్లో చాలా భాగం వాళ్లు వెతికి తిరిగి చేర్చుకున్నది, లేదా మళ్లీ చేయించుకున్నది.

పైగా ఈ గోడలు ఉత్తవి కావు. కింద మొన తేలిన కమానులు, సుల్తానుల కట్టడాల్లో ఉన్నట్టే. పైన గుడి విమానంలా మెట్లు మెట్లుగా ఎక్కే శిఖరం. హంపి కమల మహల్‌లోనూ ఇదే కలయిక. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ల కమానును ఇంట్లోకి తెచ్చుకున్న రాజ్యం ఇది. రాళ్లకు, ఇటుకలకు సున్నం పూసి తేల్చిన పని కాబట్టి చెక్కుడు రాయిలా వానకు ఆగదు, పెచ్చులుగా రాలుతుంది. హిందూపురం వచ్చిన యాత్రికులు లేపాక్షి నంది దగ్గర ఫొటోలు దిగి, పెనుకొండ రాకుండానే వెనక్కి పోతున్నారంటే అందులో వాళ్ల తప్పేమీ లేదు. అక్కడ చెప్పడానికి కథ ఉంది, చెప్పేవాళ్లూ ఉన్నారు. కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ పేరు దేశమంతా తెలిసింది. గగన్ మహల్ గుమ్మం దగ్గర మాత్రం ఆరవీటి వంశవృక్షం ఒకటి, వెంగళాంబ పేరుతో సహా, తెలుగులో రాసి పెట్టాల్సి ఉంది.