దూకొద్దు... కొంగు విసరండి!

మొన్న సంక్రాంతి సెలవులకు తాండూరు నుంచి మా ఆడపడుచు కుటుంబం వచ్చింది. వికారాబాద్ దాకా వచ్చి అనంతగిరి చూడకుండా వెళతారా! పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. కొండ దిగాక పడవ ఎక్కుతామని పిల్లలు ఒకటే గొడవ. ఏ చెరువో చెప్పను గానీ, అక్కడిచ్చిన లైఫ్ జాకెట్లలో సగానికి బకిల్సే లేవు. 12 ఏళ్ల మా మేనల్లుడు "ఫొటోల మంచిగ రాదత్తా" అంటూ ఉన్నదాన్ని కూడా విప్పేశాడు. నేనూ ఊరుకున్నాను. అదే నా తప్పు.

చెరువు మధ్యలో ఫోను పట్టుకుని లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. బుడుంగుమని చప్పుడు, అంతే. కేక కూడా లేదు. ఈత రాని అన్నయ్య కొడుకు కోసం దూకబోతుంటే చొక్కా పట్టి వెనక్కి లాగాను. పడవ నడిపే అబ్బాయి తెడ్డు చాపాడు, మావాడు దాన్ని కరుచుకున్నాడు. అంతా క్షణాల్లో అయిపోయింది గానీ నా కాళ్ల వణుకు రాత్రి దాకా తగ్గలేదు. 2023 సంక్రాంతి రోజుల్లో కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి మా జిల్లాలో ఎవరు మరిచిపోతారు?

"గట్ల గుంజాలని నీకెట్ల తోచింది వదినా?" అని అడిగింది ఆడపడుచు.

మా అమ్మ గుర్తొచ్చిందన్నాను. నా పుట్టిల్లూ తాండూరే. నా చిన్నతనంలో ఒక వానాకాలం కాగ్నా ఒడ్డున బట్టలు ఉతుకుతుంటే పక్కింటి పిల్ల జారి నీళ్లలో పడింది. అమ్మ దూకలేదు. ఉతికిన చీర ఒక కొస చేతికి చుట్టుకుని, రెండో కొస విసిరి, "పట్టుకో బిడ్డా" అంటూ గుంజింది. 2020 ఆగస్టులో తమిళనాడులోని కొట్టరై డ్యామ్ దగ్గర ముగ్గురు మహిళలు కూడా ఇలాగే ఒంటి మీది చీరలు విప్పి విసిరి, మునిగిపోతున్న ఇద్దరు యువకులను కాపాడారు. మరో ఇద్దరు దక్కలేదు. ఆ ముగ్గురికీ ప్రభుత్వం కల్పనా చావ్లా అవార్డు ఇచ్చింది.

చెరువు గట్టున ఉన్నవాళ్లకే కాదు, మహాసముద్రం దాటేవాళ్లకీ ఇదే పాఠం. ఆరుగురు నేవీ అమ్మాయిలు 'తారిణి' అనే తెరచాప పడవ మీద 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో మన విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాకా వెళ్లే ఆ దారిలో నీళ్లు గడ్డకట్టించేంత చల్లన.

అలాంటి నీళ్లలో పడగానే మనిషికి తెలియకుండానే గుక్క తిరుగుతుంది. తల మునిగి ఉంటే ఆ ఒక్క గుక్కతోనే నీళ్లు లోపలికి పోతాయి. ఒకటి రెండు నిమిషాలు ఓర్చుకుంటే ఊపిరి అదుపులోకి వస్తుంది. ఆ తర్వాత పది నిమిషాల్లో చేతులు మొద్దుబారడం మొదలవుతుంది. ఎంత ఈతగాడైనా ఈదలేడు. జాకెట్ ఉంటే ముఖం నీళ్లపైన ఉంటుంది. అందుకే అక్కడ అసలు పడకుండా నడుముకో బెల్టు, దాన్ని పడవకు కట్టే తాడు. అయినా పడితే? గట్టిగా కేక వేయాలి, తేలే వస్తువు విసరాలి. ఒక మనిషి పడినవాళ్లనే చూస్తూ వేలు చూపిస్తూ ఉండాలి, చూపు తిప్పకూడదు. గంటకు 7 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్లే పడవ ఒక్క నిమిషంలో 200 మీటర్లు దాటిపోతుంది. అంత దూరాన, అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంతే!

మన చెరువుల్లో అంత చలి లేకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే. బకిల్ పడని జాకెట్ ఇస్తే పడవ ఎక్కకండి. పడవలో ఎవరినీ నిలబడనివ్వకండి. మునిగేవాళ్లు కేకలు వేస్తారని ఎదురుచూడకండి, చాలాసార్లు నోరు పెగలదు. ఈత వచ్చినా వెంటనే దూకకండి. ప్రాణభయంతో ఉన్నవాళ్లు మెడ పట్టుకుని మిమ్మల్నీ ముంచేస్తారు. కర్రో తెడ్డో అందించండి, తాడో చీరో విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కుతూ, గిరగిర తిప్పుతూ కూర్చోకండి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ మధ్య నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఒక్కపూట చాలు.

ఇప్పుడు మేం నీళ్ల దగ్గరికి ఎక్కడికెళ్లినా మా సంచిలో పులిహోర డబ్బాతో పాటు పది మీటర్ల తాడు, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాన్ ఉంటున్నాయి. తాడు కొసకు కట్టి విసిరితే ఆ క్యానే తేలి ఆసరా అవుతుంది. అవి చూసి మా అత్తమ్మ, "షికారుకు పోతున్నరా, నీళ్లు చేదనీకె పోతున్నరా?" అని నవ్వింది.

"రెండూ అత్తమ్మా" అన్నాను. మరి మీ సంచిలో ఏముంది?