చిట్టాకు చిక్కిన డాన్

తుపాకీ మోత వినాలనే గ్యాంగ్‌స్టర్ల జీవిత కథలు తెరుస్తాం. అమెరికా మద్యనిషేధ కాలపు పుస్తకాలు మాత్రం చివరికి మన చేతిలో పద్దుల పుస్తకం పెట్టి పంపిస్తాయి.

1931 అక్టోబరు. చికాగో ఫెడరల్ కోర్టు. ముద్దాయి అల్ కపోన్. ఊళ్ల నుంచి విలేకరులు దిగారు. నెత్తుటి కథలు వినొచ్చని వచ్చినవాళ్లు సాక్షుల వరస చూసి నీరుగారిపోయి ఉంటారు. బట్టల కొట్టువాళ్లు వచ్చి సూట్లెన్ని కుట్టించాడో, పట్టు లోదుస్తులకి ఎంత ఇచ్చాడో చెప్పారు. నగల కొట్టువాళ్లు వజ్రాలు పొదిగిన బెల్టు బకిళ్ల లెక్క చెప్పారు. ఫ్లోరిడా ఇంటి మీద పెట్టిన ఖర్చు ఇంకొకరు చెప్పారు. ఆ హాల్లో తుపాకీ దొరికింది ఒక్క మనిషి దగ్గరే. వాడు కపోన్ అంగరక్షకుడు. కోర్టుకి తుపాకీతో వచ్చినందుకు వాడికీ ఆరు నెలలు పడింది.

ఎన్నో హత్యల్లో పేరు వినిపించిన మనిషికి పడింది మాత్రం ఆదాయపు పన్ను కేసులో పదకొండేళ్ల జైలు, 50 వేల డాలర్ల జరిమానా. ఈ కథ చాలామందికి తెలిసిందే. కపోన్ మీదా అతని తోటివాళ్ల మీదా వచ్చిన పుస్తకాలు వరసపెట్టి చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆనాటి ప్రాసిక్యూటర్‌కి వచ్చిన చిక్కే ఈనాటి జీవిత చరిత్రకారుడికీ వచ్చింది. ఈ డాన్‌ల వ్యాపారం కాగితం మీద పెట్టే రకం కాదు. నోటిమాటగా నడిచిన బతుకును పుస్తకంగా రాయాలంటే దేన్ని నమ్మాలి?

చట్టం తెరిచిన కొట్టు

మద్యం తయారీ, అమ్మకం, రవాణా నిషేధిస్తూ తెచ్చిన 18వ రాజ్యాంగ సవరణ 1920 జనవరి 17న అమల్లోకొచ్చింది. బ్రూక్లిన్‌లో పుట్టిన కపోన్‌కి సరిగ్గా ఆ రోజే 21 ఏళ్లు నిండాయి. ఏ నవలా రచయితైనా ఇలా రాస్తే అతికించాడంటాం.

చట్టంలో ఒక తమాషా ఉంది. అది తాగడాన్ని నేరమనలేదు. గొంతులో దాహం అలాగే ఉంది, అమ్మేవాడు మాత్రం దొంగ అయ్యాడు. దానికి తోడు మందుగా వాడే విస్కీకి మినహాయింపు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో సీసా ఇచ్చేవారు. ఈ సందును అందరికన్నా బాగా చదివినవాడు జార్జ్ రీమస్. ముందు ఫార్మసిస్టు, తర్వాత లాయరు. సిన్సినాటికి మకాం మార్చి డిస్టిలరీలు కొన్నాడు, టోకు మందుల కంపెనీలు పెట్టాడు. ప్రభుత్వ అనుమతితోనే విస్కీ బయటికి తెచ్చి, దారిలో తన లారీలను తన మనుషులతోనే దోపిడీ చేయించాడు. దోచిన సరుకు దొంగ బజారుకి పోయేది. 1927లో భార్యను నడిరోడ్డున కాల్చి చంపాడు. కోర్టులో తన కేసు తానే వాదించుకుని, మతి స్థిమితం లేదన్న తీర్పుతో శిక్ష తప్పించుకున్నాడు. 2019లో కరెన్ అబాట్ రాసిన ‘ద గోస్ట్స్ ఆఫ్ ఈడెన్ పార్క్’ నిండా ఈ కథే. రీమస్ గురించి మనకింత వివరంగా తెలియడానికి కారణం అతను కోర్టుల్లో పడి తిరగడమే. అక్కడ పలికిన ప్రతి మాటా రికార్డయింది.

ఒక్కడే కపోన్, పుస్తకానికొక మనిషి

కపోన్ మీద మొదటి జీవిత చరిత్ర 1930లోనే వచ్చింది. అప్పటికతనికి పన్ను కేసులో శిక్ష పడలేదు, వెలుగు తగ్గలేదు. చికాగో విలేకరి ఫ్రెడ్ పాస్లీ దానికి ‘స్వయంకృషితో పైకొచ్చిన మనిషి జీవిత చరిత్ర’ అనే అర్థంలో పేరు పెట్టాడు. ఆ వెటకారం పుస్తకమంతా పరుచుకుని ఉంటుంది. వీధి వాసన తెలియాలంటే ఇదే చదవాలి. అయితే పాస్లీకి అందింది పత్రికల వార్త, పోలీసుల మాట, పుకారు. ప్రభుత్వం బీరువాల్లో ఏముందో అతనికి తెలియదు.

1957లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’ది ఇంకో దారి. ప్రొహిబిషన్ అధికారి ఎలియట్ నెస్ జ్ఞాపకాలను ఆస్కార్ ఫ్రేలీ అనే పాత్రికేయుడు ఉప్పూకారం దట్టించి రాశాడు. పుస్తకం అచ్చయ్యేనాటికి నెస్ లేడు. ఆపైన టీవీ సీరియల్, 1987లో సినిమా. కపోన్‌ని పట్టుకున్నది నెస్ అనే ఇప్పటికీ చాలామంది నమ్మకం. నెస్ బృందం బీరు తయారీ కేంద్రాలు బద్దలుకొట్టిన మాట నిజం. ఆ దాడులతో దాదాపు 5,000 నేరాల ఛార్జిషీటు తయారైందన్నదీ నిజం. ఆ కేసు విచారణకే రాలేదు.

1971లో జాన్ కోబ్లర్ రాసే నాటికి ఆ రోజులు చూసినవాళ్లు ఇంకా బతికున్నారు. 2010లో జోనాథన్ ఐగ్ ప్రాసిక్యూటర్ల కాగితాల్లోకి దిగాడు. 2016లో డిర్డ్రే బేర్ కుటుంబసభ్యులతో మాట్లాడింది. బేర్ పుస్తకంలో కపోన్ ఒక కొడుకు, భర్త, తండ్రి. సిఫిలిస్ మెదడుకెక్కి చివరి రోజుల్లో పసివాడిలా మారిన రోగి. ఏ పుస్తకానికాపుస్తకం నిజమే అనిపిస్తుంది. పక్కపక్కన పెడితేనే కీళ్లు సడలుతాయి.

నేనే చెబుతున్నా, నమ్ము

ఈ తరహా పుస్తకాలు చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకోవడం నాకలవాటైంది. ఇద్దరు డాన్‌ల ఏకాంత సంభాషణ కొటేషన్లలో కనబడితే పక్కన ‘ఎవరు విన్నారు?’ అని రాసుకుంటాను. కొన్ని పుస్తకాల అంచులు ఆ ప్రశ్నతోనే నిండిపోయాయి.

1929 ఫిబ్రవరి 14 సంగతే చూడండి. చికాగో క్లార్క్ స్ట్రీట్ గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చారు. హంతకుల్లో ఇద్దరు పోలీసు దుస్తుల్లో ఉన్నారు. ఆ ఏడుగురిలో ఫ్రాంక్ గుసెన్‌బర్గ్ ఒంటినిండా తూటాలతో కొన్ని గంటలు బతికాడు. ఎవరు కాల్చారని పోలీసులు బతిమాలి అడిగినా పేరు చెప్పకుండానే పోయాడు. ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. ఆ మౌనాన్ని ప్రతి రచయితా తనకు తోచిన పేర్లతో నింపాడు. అందుకే పుస్తకం మారితే హంతకుడూ మారతాడు.

పోనీ డాన్ స్వయంగా చెబితే? 1975లో లక్కీ లూసియానో చివరి వాంగ్మూలం అంటూ ఒక పుస్తకం వచ్చింది. లూసియానో చనిపోయి అప్పటికి 13 ఏళ్లు. ఆయన మాటలు రాసుకున్నానన్న నిర్మాత మార్టిన్ గాష్ కూడా పుస్తకం రాకముందే పోయాడు. మాటల టేపులు లేవు, తప్పులు బోలెడు. విడుదలకు ముందే ప్రశ్నలు లేచాయి. ఇంకో కథ ప్రకారం 1931 సెప్టెంబరులో న్యూయార్క్ డాన్ మరంజానోని చంపిన వెంటనే దేశమంతటా పాతతరం డాన్‌లను డజన్ల కొద్దీ ఏరిపారేశారు. చరిత్రకారులు ఆ వారాల నాటి పత్రికలు ఊరూరివీ తిరగేశారు. కొద్దిపాటి హత్యలు తప్ప ఊచకోత జాడే లేదు.

మేయర్ లాన్‌స్కీ అనే గ్యాంగ్‌స్టర్‌కి 30 కోట్ల డాలర్లున్నాయని లోకం నమ్మింది. 1991లో రాబర్ట్ లేసీ రాసిన ‘లిటిల్ మ్యాన్’ ఆ గుట్ట కోసం వెతికింది. దొరకలేదు. 1983లో లాన్‌స్కీ పోయాక వికలాంగుడైన కొడుకు బతుకు ఇబ్బందుల్లోనే గడిచింది. దాచాడు కాబట్టే దొరకలేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాగితం లేకపోవడమే సాక్ష్యమైతే ఇక ఎవరి గురించైనా ఏదైనా రాయొచ్చు.

అరుగుల మీది కథలు

మద్యనిషేధం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం కూలింది ఆ చర్చ మీదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. కాపుసారా గురించి, సరిహద్దు దాటొచ్చిన సీసాల గురించి ఊరికొక కథ ఉంటుంది. వాటిని రాయదలచినవాళ్లు ముందు ఏ మాట ఎవరిదో విడదీసుకోవాలని కపోన్ పుస్తకాలు నేర్పుతాయి.

నల్ల అట్ట పుస్తకం

మళ్లీ చికాగోకి వద్దాం. అక్రమంగా సంపాదించినదానికీ పన్ను కట్టాల్సిందేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఒక సారా వ్యాపారి కేసులో తేల్చింది. ట్రెజరీ అధికారి ఫ్రాంక్ విల్సన్ ఆ తీగ పట్టుకుని కపోన్ ఆదాయం వెతకడం మొదలుపెట్టాడు. బ్యాంకు ఖాతా లేదు, సంతకం లేదు. కపోన్ తరఫు పన్నుల లాయరు రాజీ బేరం కోసం వెళ్లి, ఏటా ఇంతకు మించి రాదంటూ తానే రాసిచ్చిన ఉత్తరం మాత్రం తర్వాత మెడకు చుట్టుకుంది.

విల్సన్ చెప్పుకున్న ప్రకారం 1930లో ఒక రాత్రి పాత బీరువాలో నల్ల అట్టల పద్దుపుస్తకాలు తగిలాయి. 1926లో ఒక యువ ప్రాసిక్యూటర్ హత్య తర్వాత చికాగో శివారు సిసెరోలోని అడ్డాల మీద జరిగిన దాడుల్లో పట్టుకున్నవి. నాలుగేళ్లుగా ఎవరూ విప్పలేదు. లోపల గళ్లు గీసి రూలెట్, పాచికలు, గుర్రప్పందేల రాబడి వేరువేరుగా రాసి ఉంది. లాభాల పంపకంలో ‘అల్’ అన్న పొట్టి పేరు. అది సారా లెక్క కూడా కాదు, జూదం లెక్క! సారా రాజుగా పేరు మోసినవాడు జూదపు పద్దుకి చిక్కాడు.

చేతిరాత ఎవరిదో తేల్చడానికి బ్యాంకు చీటీలతో పోల్చి చూశారు. లెస్లీ షమ్వే అనే పాత క్యాషియర్‌దని తేలింది. ఫ్లోరిడాలో కుక్కల పందేల దగ్గర పనిచేస్తూ దొరికాడు. కోర్టుకొచ్చి ఆ రాత తనదేనన్నాడు.

ఇవాళ కపోన్ మీద రాసే ప్రతివాళ్లూ ఆ పుస్తకం దగ్గరికి రావాల్సిందే. విలేకరులు వెటకారం కలిపారు, పోలీసులు పేరు కోసం రాశారు, డాన్‌లు గొప్పలు పోయారు, చనిపోతున్నవాడు నోరు విప్పలేదు. షమ్వేకి ఆ యావలేవీ లేవు. సాయంత్రానికి పద్దు తేలితే చాలనుకున్నాడు.