బాలపఠనము - హాస్యచిత్రనవల

బాలసాహిత్యమును గూర్చి విచారించు సందర్భములందు హాస్యరచనల ప్రస్తావన తఱచుగా చివరనే వచ్చుచుండును. నీతిని బోధించునది, విజ్ఞానమును పెంచునది మొదట లెక్కకు వచ్చును. నవ్వించునది తీరికవేళకు విడువబడును. అందు బొమ్మలు కూడ నున్నచో అది చదువు క్రిందికి రాదని తలచు ఉపాధ్యాయులు నేటికిని లేకపోలేదు. ఈ యభిప్రాయము ఎంతవరకు నిలుచునో ‘బుడుగు’ను ముఖ్యోదాహరణముగా గైకొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముళ్ళపూడి వెంకటరమణ రచనయు, బాపు చిత్రములును గలిసిన ‘బుడుగు’ 1956-57 ప్రాంతమున ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వెలువడినది. ఏకకథాసూత్రము గల నవల యనుటకంటె, ఒక బాలుని నోటిమాటగా సాగిన ఖండికల మాల యనుట సమంజసము.

బుడుగు నేస్తమైన బాలిక పేరు సీగాన పెసూనాంబ. ఇది శ్రీజ్ఞానప్రసూనాంబ యను నామమునకు బాలోచ్చారణము. మూలమునందు శ్రీ, జ్ఞా, ప్ర అను మూడు సంయుక్తాక్షరములున్నవి. బాలుని నోట మూడును సడలినవి. ‘శ్రీ’లో రేఫము లోపించి శకారము సకారమైనది, తెలుగువారు ‘గ్న’గా పలుకు ‘జ్ఞ’లో గకారము మాత్రమే నిలిచినది, ‘ప్ర’లో రేఫము పోయి, అచ్చు ఎకారముగా మారినది.

వాచకము పట్టిన బాలునకు ఒత్తులే తొలి గండము. తప్పు చదివినప్పుడెల్ల దిద్దించుకొనువాడు అతడే. ఇచటనో, తప్పు పలికినవాడు కథానాయకుడు, దిద్దువాడు పాఠకుడు. మూలనామమును మనస్సున నిలుపుకొన్న క్షణముననే నవ్వు పుట్టును. కావున ఆ నవ్వు చదువునకు విరామము గాదు. చదివి గ్రహించినాడనుటకు నిదర్శనము.

ఇట్టి నవలలందు చిత్రముల పనియు నిట్టిదే. కథ చెప్పు బాలుడు తనకు తోచినట్లు చెప్పును. బొమ్మ మఱియొకటి చూపును. ఈ రెంటి నడిమి యంతరమును పాఠకుడే పూరించుకొనవలెను. ఫ్రెంచిలో రెనే గొసినీ రచించి సాంపె చిత్రించిన ‘లె పెతి నికొలా’ కథలు 1959 నుండి ఒక ఆదివారపు పత్రికలో వెలువడి, 1960లో గ్రంథరూపము దాల్చినవి. అందు పెద్దల కోపతాపములకు కారణమును నికొలా ఎఱుగడు, పాఠకుడెఱుగును. అమెరికాలో జెఫ్ కిన్నీ తానే వ్రాసి, తానే చిత్రించిన ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ 2007లో గ్రంథముగా వచ్చినది. గీతల కాగితముపై చేతివ్రాతను బోలిన అక్షరములు, నడుమ నడుమ రేఖాచిత్రములు దాని రూపము. కథకుడైన గ్రెగ్ తన్ను తాను గొప్పవానిగా నెంచుకొనును. బొమ్మలు ఆ గొప్పను నిలువనీయవు. పుటకు మాటలు కొన్నియే యగుటచే, మెల్లగా చదువు బాలుడును పుట త్రిప్పిన తృప్తిని త్వరగా పొందును.

ఈ మూడింటికిని మఱియొక సామ్యము కలదు. ఏదియు పాఠముగా పుట్టలేదు. బుడుగు, నికొలా పెద్దలును చదువు పత్రికలలో వెలసిరి. కిన్నీ మొదట పెద్దల నుద్దేశించియే వ్రాసెను.

తప్పు రూపములను చదివి బాలురు వానినే నేర్చుకొందురను శంక యొకటి గలదు. తప్పని తెలియనిదే అది హాస్యము గాదు. శుద్ధరూప జ్ఞానమునే ఆ హాస్యము కోరుచున్నది. ఎఱుగనివానికి ఉపాధ్యాయుడు ఆ రూపమును ముందుగా ఒక్క మాటలో అందించిన చాలును. బుడుగునందలి పెద్దల దాంపత్య సరసములు బాలునకు పూర్తిగా అందవనుట మాత్రము నిజము. అవి వయస్సుతోపాటు విడివడును.

పూర్వమొక ఉన్నత పాఠశాలలో బోధించుచున్నపుడు నేను హాస్యకథ నొకదానిని చదివించి, పకపక నవ్వుచున్న తరగతిని ‘ఇందలి నీతి యేమి?’ అని ప్రశ్నించితిని. నవ్వు ఆగినది. అటుపిమ్మట ఆ పుస్తకమును ఇంటికి అడిగినవాడు ఒక్కడును లేడు. లోపము పుస్తకమునందు లేదు, నా ప్రశ్నయందున్నది.

కావున ఉపవాచకముల పట్టికను కూర్చువారు ఇట్టి గ్రంథములకు స్థానమీయవలెను. ఇచ్చి, పరీక్షనుండి వానిని తప్పింపవలెను. పరిశోధక విద్యార్థులు వీనియందలి బాలోచ్చారణ రూపములను సేకరించి, నేటి బాలుర పలుకుబడితో పోల్చి చూచినచో భాషాశాస్త్రమునకును, బోధనకును గూడ ప్రయోజనము చేకూరగలదు.