పోర్చుగీసు భాషయందలి భావకృదంతములు: కర్తృకర్మనిర్దేశము

ధాతువునుండి పుట్టిన భావనామము క్రియార్థమును విడువదు. కాని క్రియవలె కర్తను ప్రథమయందును, కర్మను ద్వితీయయందును నిలుపఁజాలదు. అట్టిచోఁ గర్తృకర్మలను దెలుపు మార్గ మెయ్యది? లాటిను సంతతిదగు పోర్చుగీసు భాష దీని కొసఁగు సమాధానము పాణినీయ మెఱిఁగినవారికిఁ బరిచితమువలెనే తోఁచును. ఇందలి యుదాహరణములు లిస్బను నగరోచ్చారణమునకు సమీపముగా వ్రాయఁబడినవి.

ఆ భాషలో విభక్తిప్రత్యయములు నామముల చివరఁ జేరవు. నామమునకు ముందు నిలుచు అవ్యయములే విభక్త్యర్థమును దెలుపును. అందు 'దె' యనునది షష్ఠికిని, 'పోర్' అనునది కర్త్రర్థక తృతీయకును సాటి. ఇవి స్త్రీలింగ పుంలింగోపపదములతోఁ గలసి 'ద, దు' యనియు, 'పెల, పెలు' యనియు మాఱును.

అకర్మకధాతువునకుఁ గర్త యొక్కఁడే కాఁబట్టి యతఁడు షష్ఠిని బొందును. 'అ షెగాద దు రెయ్' అనఁగా రాజు రాక. ఇచ్చట 'పెలు' చెల్లదు. సకర్మకమునందుఁ గర్తృకర్మ లిరువురును గోరునది యా షష్ఠినే. అప్పుడు కర్మయే దానిని గైకొనును. కర్త తృతీయకుఁ దొలఁగును. 'అ దెష్త్రుయిసాఁవ్ ద సిదాద్ పెలు ఇనిమీగు' అనఁగా శత్రువుచేత నగరముయొక్క నాశనము. కృదంతయోగమునఁ గర్తృకర్మల రెంటికిని షష్ఠి ప్రాప్తించినపుడు కర్మకే యది కలుగునని అష్టాధ్యాయి ద్వితీయాధ్యాయ తృతీయపాదమున విధించినది. 'శత్రుణా నగరస్య నాశనమ్' అను సంస్కృతవాక్యము పై పోర్చుగీసు వాక్యమునకు సరిప్రతి. స్త్రీప్రత్యయాంతముల విషయమున వార్తికకారుఁడు చెప్పిన యపవాదవికల్పములు వేఱు.

సంప్రదానాదులు క్రియయందలి తమ యవ్యయమునే నిలుపుకొనును. 'విధేయుఁడగు' నను ధాతువు 'అ' యను నవ్యయమును గోరును. దాని భావనామమును 'ఒబెదియేన్సియ ఆ లెయ్' (శాసనమునకు విధేయత) అనియే యుండును.

అనువాదకుఁడు మోసపోవు చోటు 'దె' యొంటిగా నున్నపుడు. 'అ క్రీతిక దు ఔతోర్' అనఁగా గ్రంథకర్త చేసిన విమర్శయా, గ్రంథకర్తపై జరిగిన విమర్శయా? రెండును బొసఁగును. 'అమోర్ దె దెవుష్' అనునదియు నట్టిదే. దైవము చూపు ప్రేమయుఁ గావచ్చును, దైవమునందలి ప్రేమయుఁ గావచ్చును. రెండవ యర్థమును స్పష్టపఱుప 'అమోర్ అ దెవుష్' అందురు. 'అ నోస షెగాద' అనుచోట 'మన' యనుపదము కర్తను జెప్పఁగా, 'అ నోస దెఱ్ఱోత' అనుచోఁ గర్మను జెప్పును: ఓడింపఁబడినది మనమే. ప్రతి 'దె'కును 'యొక్క' యని పెట్టువాఁడు సంశయమును దీర్పఁడు, తెలుఁగులోనికిఁ గొనితెచ్చును.

తుమున్నంతమువంటి క్రియారూప మింకొకటి యీ భాషయందుఁ గలదు. అది కర్తృసంఖ్య ననుసరించి ప్రత్యయమును గూడఁ బొందును. 'ఉ దెష్త్రుయీరెంయ్ ఉష్ ఇనిమీగుష్ అ సిదాద్' అనుచో 'దె'యు లేదు, 'పోర్'ఉను లేదు. కర్తృకర్మలు క్రియయందువలెనే యున్నవి. తెలుఁగున 'శత్రువులు నగరమును నాశనము చేయుట' యను రూప మిట్టిదే. కావున నామరూపమున సంశయము గలిగినపుడు ధాతువు సకర్మకమో యకర్మకమో నిర్ణయించి, ప్రకరణమునుబట్టి కర్తృకర్మల నేర్పఱచి, యుడంతవాక్యముగా విప్పి చెప్పుట పండితునకు సురక్షితమైన త్రోవ.