క్రొత్త విద్యార్థి - మొదటి మాసము

పల్లెలోని ప్రాథమిక పాఠశాలనుండి ఉన్నత పాఠశాలకు వచ్చిన బాలుడు మొదటి మాసమున వెనుకబడినచో, వానికి బుద్ధి చాలదని పలువురు తలంతురు. మేమట్లు తలంపము. అచ్చట ఒకరిద్దరు ఉపాధ్యాయులే పాఠములన్నియు చెప్పి, ఏ పని మిగిలినదో తామే జ్ఞాపకముంచుకొనుచుందురు. ఇచ్చట గంట మ్రోగినప్పుడెల్ల ఉపాధ్యాయుడు మారును. లెక్కల పంతులుగారిచ్చిన పని తెలుగు పంతులుగారికి తెలియదు. అన్నిటిని కలిపి చూచుకొనవలసినవాడు బాలుడొక్కడే. ఈ సంగతి వానికి ముందుగా నెవ్వరును చెప్పియుండరు.

కావున నొక చిన్న పుస్తకమును ప్రత్యేకముగా నుంచుకొని, ఇచ్చిన పనిని, చూపవలసిన దినమును ఆ గంటలోనే వ్రాసికొనవలెను. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని అక్షరముల వరుసలను కంఠస్థము చేసి, మరపును తనయందే పరీక్షించి ఫలితములను ప్రకటించెను. మరపు మొదటి గంటలోనే మిక్కిలి వేగముగా సాగి, పిమ్మట నెమ్మదించునని తేలెను. నాటి పాఠమును నాటి సాయంకాలమే, పుస్తకము మూసి, ఒకమారు చెప్పుకొనవలెను. పరీక్షలముందు రాత్రులు జాగరణ చేయుటకంటె ఈ పావుగంట మేలని మా నమ్మకము.

వసతిగృహమున నుండువారు బట్టలను పుస్తకములను ఒకే పెట్టెలో కలగలిపి వేయుదురు. మరునాటి పుస్తకములను రాత్రియే తీసి పైన నుంచినచో ప్రొద్దుటి గోల చాలవరకు తగ్గును. తాళపుచెవుల కథ చెప్పనారంభించిన ఈ సంచిక చాలదు!

తలిదండ్రులకొక మనవి. చూడవచ్చినప్పుడు బిడ్డ యేడ్చినంతమాత్రమున వెంటనే యింటికి తీసికొని పోవలదు. తరగతి ఉపాధ్యాయునితో మాటలాడి, భయము చదువువలననో, తోటివారి వేధింపువలననో తెలిసికొనుడు. రెండవదైనచో ఒక్క దినమైనను ఆలస్యము చేయక మాకు తెలుపుడు.